చురుక్కుమనకపోయినా అది మందే

ఏలూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇదీ:

అత్తగారికి 68 ఏళ్ళు. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిందని, కుడివైపు మరీ ఎక్కువని ఎక్స్‌రే చూసి ఎముకల డాక్టరు చెప్పారు. మూడేళ్ళ క్రితం గుండెకి స్టెంటు వేశారు. రోజూ ఎకోస్ప్రిన్ 75 (తక్కువ మోతాదు ఆస్పిరిన్), బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర, షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. ఇవి కాక, మోకాళ్ళ కోసం భర్త మెడికల్ షాపులో అడిగి తెచ్చే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ళ రోజూ ఒకటి. గుడికో పెళ్ళికో వెళ్ళొచ్చిన రోజు రెండు. షాపులో కొన్న 30 గ్రాముల నొప్పి జెల్ పొద్దునా రాత్రీ రాయించుకుని, మీద వేణ్ణీళ్ళ సంచీతో కాపడం పెట్టించుకుని, క్రేప్ బ్యాండేజి చుట్టించుకుని పడుకుంటారు. పోయిన వారం కుడి మోకాలి పక్కన చర్మం కమిలి, రెండు చోట్ల బొబ్బలు లేచాయి. డల్లాస్‌లో ఉన్న మరిది వోల్టారెన్ అనే నొప్పి జెల్ 100 గ్రాముల ట్యూబులు మూడు పంపారు. అత్తగారు రెండు రోజులు చూసి, "ఇది మండదు, చల్లగా ఉండదు, వాసనే లేదు, నీళ్ళు పూసుకున్నట్టుంది" అని పక్కన పెట్టేశారు. మరిది ప్రతి ఆదివారం ఫోన్ చేసి రోజుకు నాలుగు సార్లు రాయమంటారు. భర్తేమో "పైన రాసేదే కదా, ఎంత రాస్తే ఏం, బిళ్ళ మాత్రం మానొద్దు" అంటారు. "రాసేది నేనే. రేపు ఏమైనా అయితే మాట పడేదీ నేనే. మా ఇంట్లో 30 గ్రాముల ట్యూబు నెల రోజులు వస్తుంది, అంటే ఎక్కువ వాడటం లేదనేగా?" అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడదాం. 30 గ్రాములు 30 రోజులు వస్తోందంటే రోజుకు ఒక గ్రాము. రెండు మోకాళ్ళు, రెండు పూటలు. అంటే ఒక్కో మోకాలికి ఒక్కో పూట పడుతున్నది పావు గ్రాము, ఒక శనగగింజంత. మీ మరిది గారు పంపిన ట్యూబు ప్రకారం ఒక మోకాలికి ఒకసారి రాయాల్సింది 4 గ్రాములు, ఓ రేగుపండంత. మీరు రాస్తున్నది అందులో పదహారో వంతు. ఇంతవరకూ మీ అత్తగారికి దక్కిన ఉపశమనం మర్దనా వల్లా, కాపడం వల్లా, జెల్‌లోని పుదీనా చల్లదనం వల్లా, అన్నిటికంటే ఎక్కువ ఆ బిళ్ళ వల్లా వచ్చింది. జెల్‌లోని అసలు మందు ఆవిడ మోకాలికి దాదాపు పడనే లేదు.

అలాగని రేపటి నుంచి పదహారింతలు రాయమని చెప్పను. ముందు తేలాల్సింది ఆ బిళ్ళ సంగతి.

ఎసిక్లోఫెనాక్, జెల్‌లోని డైక్లోఫెనాక్ ఒకే కుదురు మందులు. ఎసిక్లోఫెనాక్‌లో కొంత భాగం ఒంట్లోకి వెళ్ళాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. స్టెంటు వేసిన గుండెకి ఈ జాతి బిళ్ళలు రోజూ వేయడం మంచిది కాదు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళకి డైక్లోఫెనాక్ మాత్రలు ఇవ్వకూడదని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2013లోనే హెచ్చరించింది. రెండోది, కిడ్నీ. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని ఒంట్లో సహజంగా తయారయ్యే కొన్ని రసాయనాలు తెరిచి ఉంచుతాయి. నొప్పి బిళ్ళ వాటిని ఆపేస్తుంది, నాళం బిగుసుకుంటుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడూ కలిసిన రోజున వడపోతకి కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. ఎండాకాలం, వాంతులు, విరేచనాలు, ఉపవాసం తోడైతే రెండు మూడు రోజుల్లోనే కిడ్నీ దెబ్బతినొచ్చు. మూడోది, కడుపు. ఎకోస్ప్రిన్ మీద ఈ బిళ్ళ పడితే పుండై రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది.

కాబట్టి మీ వారి మాట సరిగ్గా తిరగబడాలి. ఆయన మానొద్దంటున్న బిళ్ళే ముందు మానాల్సింది. ఆయన ఎంతైనా పర్వాలేదంటున్న జెల్‌కి కొలత ఉంది. డాక్టరు చీటీ లేకుండా తెస్తున్న బిళ్ళ కాబట్టి, దాన్ని ఆపడానికి కొత్త చీటీ అక్కర్లేదు. కానీ ఇన్నాళ్ళు వాడిన సంగతి గుండె డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఎకోస్ప్రిన్ మాత్రం ఆయన చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు. అది నొప్పి కోసం ఇచ్చింది కాదు, స్టెంటు మూసుకుపోకుండా ఇచ్చింది. బిళ్ళ మానిన కొత్తలో నొప్పి ఎక్కువైతే ఉత్త పారాసిటమాల్ 650 వేసుకోవచ్చు, ఆరు గంటల ఎడంతో, రోజుకు మూడుకు మించకుండా. లివరు జబ్బు ఉంటే అది కూడా అడిగే వేయండి. ఇప్పటిదాకా వేసిన బిళ్ళలోనూ పారాసిటమాల్ ఉందని గుర్తుంచుకోండి, పొరపాటున రెండూ కలిపి వేయకండి.

జెల్ రక్తంలోకి వెళ్ళదా అంటే, వెళ్తుంది. ఒక మోకాలికి 4 గ్రాముల చొప్పున రోజుకు నాలుగు సార్లు రాస్తే, మాత్రగా వేసుకున్నప్పటితో పోలిస్తే నూటికి 6 వంతులు రక్తంలోకి చేరుతుంది. రెండు మోకాళ్ళకీ, రెండు చేతులకీ కలిపి రోజుకు 48 గ్రాములు రాస్తే అది దాదాపు 20 వంతులకి చేరుతుంది. మోకాలి వరకు ఆగితే ఒంటి మీద భారం తక్కువే, కానీ సున్నా కాదు. మీ అత్తగారిలా గుండె, బీపీ, షుగరు మూడూ ఉన్నవాళ్ళు మొదలుపెట్టేముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితంతో గుండె డాక్టరుని ఒక్క మాట అడగాలి: "మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాయొచ్చా, రోజుకు ఎంత?" మాట మీమీదికి వస్తుందన్న భయం పోవడానికి కూడా అదే దారి. ఆ జవాబుని చీటీ మీద రాయించుకోండి.

ఇక ఆ రెండు ట్యూబులు. వాటిని పక్కపక్కన పెట్టి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. మరిది గారు పంపిన దాంట్లో ఉన్న మందు ఒక్కటే, డైక్లోఫెనాక్ సోడియం 1 శాతం. అమెరికాలో కీళ్ళ అరుగుదలకి ఇది 2007 నుంచీ ఉంది, 2020 నుంచి డాక్టరు చీటీ లేకుండానే ఇస్తున్నారు. మన షాపుల్లో దొరికే చాలా జెల్‌లలో డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం ఉంటుంది. లవణం వేరు కాబట్టి అంకె వేరుగా కనిపిస్తుంది కానీ మందు బలం అంతే. తేడా మిగతా సరుకులో ఉంది. వోలినీ లాంటి వాటిలో దీనితో పాటు మిథైల్ సాలిసిలేట్, మెంథాల్ కూడా కలుపుతారు. చురుక్కుమనేదీ, చల్లగా తగిలేదీ, ఇల్లంతా వాసన వచ్చేదీ ఆ రెండింటివల్లే. మెంథాల్ చర్మంలోని చల్లదనం తెలిపే నరాలను తాకుతుంది, మెదడు కాసేపు నొప్పిని పక్కన పెడుతుంది. ఆ ఉపశమనం నిజమే, కానీ అది డైక్లోఫెనాక్ పనిచేసిందనడానికి గుర్తు కాదు. డైక్లోఫెనాక్ రాసినట్టు తెలియనివ్వదు. ఈ మాట అత్తగారికి ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఆవిడ పట్టుదలకి మూలం అక్కడే ఉంది.

బొబ్బలు ఎందుకొచ్చాయో మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉన్న పూత, దానిమీద వేడి, దానిమీద గాలాడని కట్టు. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉన్న పూతలతో అరుదుగా చర్మం తీవ్రంగా కాలిన సందర్భాలు ఉన్నాయని 2012లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. వేడి, కట్టు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది, మందు కూడా చర్మంలోంచి ఎక్కువగా లోపలికి దిగుతుంది. పైగా షుగరు ఉన్నవాళ్ళలో కొందరికి కాళ్ళలో స్పర్శ మందగిస్తుంది, వేడి ఎక్కువైనా తెలియదు. ఆ చర్మం పూర్తిగా మాని, కొత్త పొర వచ్చేదాకా ఏ జెల్లూ రాయకండి. బొబ్బల్ని చిదపొద్దు. చీము పట్టినా, ఎరుపు పాకినా వెంటనే చూపించండి. షుగరు ఒంటికి చిన్న పుండు కూడా చిన్నది కాదు. మానాక ఉత్త డైక్లోఫెనాక్ జెల్‌తో కూడా దద్దురు వస్తే అది మందు పడకపోవడం, ఇక దాన్ని ముట్టుకోవద్దు. ఆస్పిరిన్ కానీ మరే నొప్పి బిళ్ళ కానీ వేస్తే ఆయాసమో ఒళ్ళంతా దద్దుర్లో వచ్చేవాళ్ళు ఈ జెల్ జోలికే పోకూడదు. ఎకోస్ప్రిన్ పడుతోంది కాబట్టి మీ అత్తగారికి ఆ భయం తక్కువ.

రాసే పద్ధతి చెప్తాను. ట్యూబులతో పాటు పెట్టెలో పారదర్శకంగా ఉండే ఒక ప్లాస్టిక్ కార్డు ఉంటుంది, పారేయలేదనుకుంటాను. దానిమీద రెండు గీతలు ఉంటాయి. పొడవుది నాలుగున్నర అంగుళాలు, అది 4 గ్రాములు. పొట్టిది చేతి కీళ్ళకి, 2 గ్రాములు. కార్డుని బల్లమీద పెట్టి, ట్యూబు నొక్కుతూ పొడవు గీత ఈ చివరనుంచి ఆ చివరిదాకా జెల్ పరచండి. కార్డునే మోకాలికి అద్ది, మిగిలింది వేలితో తీసుకోండి. చిప్ప పైన ఒక్కచోటే కాదు, చిప్పకి రెండు పక్కలా, పైనా, కిందా, మోకాలి మొత్తానికీ పలచగా అందాలి. గట్టిగా రుద్దనక్కర్లేదు, నెమ్మదిగా ఇంకేలా రాస్తే చాలు. స్నానం చేసి, తుడుచుకుని, చర్మం బాగా ఆరాక రాయండి. అక్కడ కొబ్బరినూనె, పౌడరు, ఇంకో బామ్ ఉండకూడదు. రాశాక పది నిమిషాలు చీర కుచ్చెళ్ళు మోకాలికి తగలకుండా కూర్చోబెట్టండి, లేకపోతే మందు మోకాలికి బదులు బట్టకి అంటుతుంది. గంటసేపు అక్కడ నీళ్ళు పోయొద్దు. రాసిన చోట ఎండ తగలకుండా చూడండి. జెల్ మీద బ్యాండేజి, నీక్యాప్, జిల్లేడాకు కట్టు ఏవీ వద్దు. మీరు చేతులు సబ్బుతో కడుక్కుని గానీ వంటింట్లోకి, పిల్లల దగ్గరికి వెళ్ళకండి. ఆ వేళ్ళు కంటికి తగిలితే మహా మంట. కార్డుని కూడా కడిగి, మీ అత్తగారికి మాత్రమే వాడండి.

అమెరికా కార్డు అమెరికా ట్యూబుకే. ఇక్కడి ట్యూబు మూతి సైజు వేరు, అదే పొడవుకి బరువు వేరుగా వస్తుంది. ఆ మూడు ట్యూబులూ అయ్యాక ఇక్కడ కొనాలంటే మెంథాల్, సాలిసిలేట్ లేని ఉత్త డైక్లోఫెనాక్ జెల్ అని అడగండి. 1.16 శాతం జెల్‌కి మామూలు మోతాదు 2 నుంచి 4 గ్రాములు, రోజుకు మూడు నాలుగు సార్లు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా ఉంటే ట్యూబుని ముందూ వెనకా తూచి ఒకసారి చూసుకోండి, ఆ తర్వాత కంటికే అలవాటవుతుంది. షాపతను 2.32 శాతం ఇస్తే అది రెట్టింపు బలం, రోజుకు రెండుసార్లే రాసే రకం. దాన్ని నాలుగు పూటలు రాయకూడదు. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండింతలు వద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. గుండె డాక్టరు సరేనంటే, ఎక్కువ బాధపెడుతున్న కుడి మోకాలికి మాత్రమే 4 గ్రాముల చొప్పున నాలుగు పూటలు రాయడం ఒకటి. రోజుకు 16 గ్రాములు, ఒక మోకాలికి అదే గరిష్ఠం. మూడు ట్యూబులు 18 రోజులు దాటి వస్తాయి. డాక్టరు ప్రత్యేకంగా చెప్పనిదే 21 రోజులకి మించి వాడొద్దని ఆ ట్యూబు మీదే ఉంటుంది కాబట్టి లెక్క కూడా కుదురుతుంది. నా మొగ్గు దీనివైపే. ఒంట్లోకి వెళ్ళే మందు తక్కువ, పైగా రాయని ఎడమ మోకాలితో పోల్చి చూసుకోవచ్చు. రెండోది, రెండు మోకాళ్ళకీ రాయడం. అది రోజుకు 32 గ్రాములు, మొత్తం ఒంటికే ఆఖరి హద్దు. మీ ట్యూబులు తొమ్మిది రోజుల్లో ఖాళీ. ఆవిడ వాడే బీపీ మాత్రతో ఆ హద్దు దాకా వెళ్ళాలంటే వారం తిరక్కుండా క్రియాటినిన్ మళ్ళీ చూసుకునే ఏర్పాటు ఉండాలి. మూడోది, పూటలు తగ్గించి రోజుకు మూడు సార్లు రాయడం. నాలుగో పూట కుదరని ఇళ్ళలో చాలామంది చేసేది ఇదే. ఫలితం కాస్త తగ్గొచ్చు, కానీ రెండు పూటలు ఎక్కువగా రాసి, రెండు రోజులు అసలు రాయకపోవడం కంటే ఇది నయం. క్రియాటినిన్ ఎక్కువగా ఉందని డాక్టరు జెల్ కూడా వద్దంటే, కాపడం, వ్యాయామం, పారాసిటమాల్‌తో నడుపుతూ ఫిజియోథెరపిస్టునీ, కీలులో ఇంజెక్షన్ గురించి ఎముకల డాక్టరునీ అడగాలి. ఇక ఏ దారిలోనూ లేనిది ఒకటుంది. బిళ్ళ కొనసాగిస్తూ, దానిమీద జెల్ పూర్తి మోతాదులో రాయడం. ఇంట్లో అందరినీ సంతోషపెట్టే దారిలా కనిపిస్తుంది కానీ మీ అత్తగారి ఒంటికి అన్నిటికంటే చెడ్డది అదే.

ఎంత మేలు ఆశించొచ్చో కూడా ముందే తెలిసి ఉండాలి. ఆరు నుంచి పన్నెండు వారాల పాటు జరిపిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, డైక్లోఫెనాక్ రాసుకున్న పదిమందిలో ఆరుగురికి నొప్పి సగానికి సగం తగ్గింది. మందు లేని ఉత్త జెల్ రాసుకున్నవాళ్ళలో అయిదుగురికి తగ్గింది. రుద్దడంలోనే కొంత మహిమ ఉందన్నమాట, మందు దానికి ఇంకొంచెం కలుపుతుంది. అందరికీ పట్టదు. పట్టేవాళ్ళకి కూడా వారం పడుతుంది. మీ అత్తగారు రెండు రోజులకే తీర్పు చెప్పారు, అదీ శనగగింజంత కొలత అలవాటైన చేతుల మీదుగా. వంటింటి కాలెండరు మీద రోజూ రాత్రి ఒక అంకె వేయించండి. పడక మీదనుంచి లేచి నిలబడినప్పుడు కుడి మోకాలి నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత? పక్కన ఆ రోజు ఎన్ని పూటలు రాశారో గీతలు. ఆ అంకెలు ఆవిడతోనే వేయించండి. మీరు వేస్తే అది కోడలి లెక్క అవుతుంది, ఆవిడ వేస్తే ఆవిడ లెక్క. ఏడు రోజులకి అంకె కదలకపోతే ఆపేయొచ్చు, మొండిగా రాయక్కర్లేదు. కదిలితే 21వ రోజున కాలెండరు డాక్టరుకి చూపించి, కొనసాగించాలా, నొప్పి ఎక్కువున్న రోజులకే ఉంచుకోవాలా అని అడగండి.

కాపడం ఆవిడకి ప్రాణం, తీసేయకండి. వేళ మార్చండి. పొద్దున్నే స్నానానికి ముందు పావుగంట పెట్టండి, వావిలాకు నీళ్ళయినా సరే. సంచీని ముందు మీ మోచేతి లోపలి వైపు ఆనించి చూసి, తువ్వాలు చుట్టి పెట్టండి. స్నానమై, చర్మం చల్లబడి ఆరాక జెల్. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి తగలవు.

కుర్చీలో కూర్చుని ఒక కాలు చాపి, తొడ బిగబట్టి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించడం పదిసార్లు, రోజుకు రెండు పూటలు. తొడ కండరం బలపడితే మోకాలి మీద బరువు పంచుకుంటుంది. ఆవిడ బరువు మీరు రాయలేదు. ఎక్కువుంటే, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నేలమీద పీట, కింద కూర్చునే మరుగుదొడ్డి రెండూ మానిపించగలిగితే చాలా నయం.

జెల్ వాడే రోజుల్లో పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, విరేచనం నల్లగా తారులా అయినా వెంటనే జెల్ ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఐరన్ మాత్రల వల్లా విరేచనం నల్లబడుతుంది, వేసుకుంటుంటే ఆ సంగతి చెప్పండి. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు కూడా జెల్ ఆపి, బీపీ మాత్ర సంగతి డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వస్తే అది అరుగుదల కాదు, ఆలస్యం చేయొద్దు.

మీ వారితో వాదన పెట్టుకోకుండా ఒక పని చేయండి. గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ బిళ్ళల అట్ట, రెండు ట్యూబులు, బీపీ మాత్రల అట్ట అన్నీ ఒక సంచీలో వేసి, సంచీ ఆయన చేతికే ఇవ్వండి. ఆదివారం మరిది గారు ఫోన్ చేసినప్పుడు కాలెండరు ఫోటో పంపండి. ఇంకో మూడు ట్యూబులు పంపాలో, ఆ డబ్బు ఫిజియోథెరపిస్టు ఫీజుకి పంపాలో ఆ అంకెలు చూశాక ఆయనే చెప్తారు.